చదరంగం గళ్ళలోని సంఖ్య
(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా విద్యార్థులు, తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇటువంటి ఉత్సవాలలో గతాన్ని తలచుకోవడం, దాతలను స్మరించడం, భవిష్యత్తుకు బాట వేయడం మన సంప్రదాయం. ఆ బాధ్యతను నాకంటే అర్హులైన పెద్దలు ఇప్పటికే నిర్వహించారు. నాకు అప్పగించిన విషయం గణితం. గణితమంటే సభలో సగంమంది చూపు ద్వారం వైపు మళ్ళుతుందని నాకు తెలుసు. అందుచేత గణితశాస్త్రమంతటినీ మీ ముందు పరచే సాహసం చేయను. ఒకే ఒక్క సంఖ్యను గురించి మాట్లాడతాను. అది ఇరవై అంకెల సంఖ్య. దానిని తెలుగువారు సుమారు వేయి సంవత్సరాల నాడే ఒక పద్యంలో భద్రపరచుకున్నారు. ఆ పద్యం వెనుక ఉన్న శాస్త్రం మన రాయచూరుకు ఉత్తరాననే పుట్టింది. కాబట్టి ఈ సంఖ్య యరమరస్‌కు పరాయిది కాదు.

మొదట ఆ సంఖ్యను వినండి: 18446744073709551615. మన లెక్కలో చదివితే, ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను.

మాన్యఖేటం నుండి రాజమహేంద్రవరానికి

కలబురగి జిల్లాలో కాగిణా నది ఒడ్డున మళఖేడ అనే ఊరు ఉన్నది. అదే ఒకనాటి మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదవ శతాబ్దంలో అమోఘవర్ష నృపతుంగుడు అక్కడి నుండి రాజ్యం చేశాడు. ఆయన ఆదరణలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు క్రీ.శ. 850 ప్రాంతంలో సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. అంతకు ముందు మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాలలో ఒక అధ్యాయంగా ఉండేది. మహావీరుడు గణితానికే ప్రత్యేకంగా గ్రంథం వ్రాశాడు. వ్యాపారం, వడ్డీ, బంగారం మెరుగు, గోతుల త్రవ్వకం, నీడల కొలత, ఇవన్నీ అందులో లెక్కలే.

ఒకట్లు, పదులు, వందలు అని మొదలుపెట్టి మహావీరుడు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు చెప్పాడు. కోటి ఎనిమిదవ స్థానం. పదకొండవది అర్బుదం, పదమూడవది ఖర్వం, పదిహేనవది పద్మం, పందొమ్మిదవది శంఖం, ఇరవయ్యవది మహాశంఖం, చివరిదైన ఇరవై నాలుగవది మహాక్షోభం. ఆ లెక్కన మన సంఖ్య ఒక మహాశంఖంతో, ఎనిమిది శంఖాలతో మొదలవుతుంది.

ఆయనకు సంఖ్యల అందం మీద కూడా మక్కువ. ఎడమ నుండి చదివినా, కుడి నుండి చదివినా ఒకేలా ఉండే గుణకార ఫలితాలను ఆయన హారాలతో పోల్చాడు. 12345679ను 9తో గుణిస్తే 111111111 వస్తుంది. 152207ను 73తో గుణిస్తే 11111111. 142857143ను 7తో గుణిస్తే 1000000001. 27994681ను 441తో గుణిస్తే 12345654321, అంటే ఒకటి నుండి ఆరు వరకు ఎక్కి మళ్ళీ ఒకటికి దిగే మాల. విద్యార్థులు ఈ రాత్రికి ఇంటి వద్ద ఈ నాలుగు లెక్కలూ చేసి చూడవలసిందిగా కోరుతున్నాను.

ఈ మాలలు అదృష్టవశాత్తూ దొరికేవి కావు. చివరి మాల 111111 యొక్క వర్గం. ఆ 111111ను విడదీస్తే 3, 7, 11, 13, 37 వస్తాయి. వీటిలో 3ను, 7ను ఒక పక్కన గుణిస్తే 21, దాని వర్గం 441. మిగిలిన మూడింటినీ గుణిస్తే 5291, దాని వర్గం 27994681. పూసలను విడదీయడం తెలిసినవాడే మాల గుచ్చగలడు. ఈ మాటను గుర్తుంచుకోండి. తరువాత మళ్ళీ పనికి వస్తుంది.

ఈ గ్రంథం కన్నడ సీమ నుండి తెలుగు సీమకు వచ్చింది. పావులూరి మల్లన దానిని 'సారసంగ్రహ గణితము' పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన 1022 నుండి 1061 వరకు రాజమహేంద్రవరంలో పాలించిన రాజరాజ నరేంద్రుని కాలంవాడని చాలామంది పండితుల అభిప్రాయం. కొందరు మరికొంత తరువాతి వాడంటారు. ఏది ఏమైనా, తెలుగులో కావ్యరచన తొలి అడుగులు వేస్తున్న ఆ రోజులకు దగ్గరలోనే తెలుగులో గణితగ్రంథం కూడా పుట్టింది. పన్నెండవ శతాబ్దంలో రాజాదిత్యుడు కన్నడంలో గణితగ్రంథాలు వ్రాశాడు. శాస్త్రం ఒక భాష సొత్తు కాదని ఈ సీమ పెద్దలు ఆనాడే ఆచరణలో చూపారు.

పద్యంలో దాగిన ఇరవై అంకెలు

చదరంగం కథ మీకందరికీ తెలిసినదే. ఆటను కనిపెట్టిన పండితుడిని రాజు వరం కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళకూ రెట్టింపు చేస్తూ ధాన్యం ఇమ్మని పండితుడు కోరాడు. ఇంత చిన్న కోరికా అని రాజు నవ్వాడు. కొలవడం మొదలుపెట్టిన తరువాత కొఠారు అధికారికి ఆ నవ్వు నిలువలేదు.

ఆ గింజల మొత్తమే మన సంఖ్య. క్రీ.శ. 1000 ప్రాంతంలో అరబ్బీలో గ్రంథరచన చేసిన అల్ బిరూనీ దీనిని లెక్కించి చూపాడు. మన తెలుగులో ఇదే సంఖ్య పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఉన్నది.

పద్యంలో అంకెలను అంకెలుగా చెప్పరు. వస్తువుల పేర్లతో చెబుతారు. ఆకాశమంటే సున్న. చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. వేదాలు, సముద్రాలు నాలుగు. మన్మథుని బాణాలు అయిదు. తర్కాలు ఆరు. కులపర్వతాలు ఏడు. దిగ్గజాలు ఎనిమిది. శరీర రంధ్రాలు తొమ్మిది. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమకు నడవడం నియమం. ఆ పద్యంలో ఇరవై మాటలు వరుసగా ఇరవై అంకెలను ఇస్తాయి. ఒకే అంకెకు పలు పర్యాయపదాలు ఉండడంచేత కవికి గణాలు కుదిరాయి.

ఇది కేవలం చమత్కారం కాదు. తాటాకు మీద అంకెలు వ్రాస్తే లేఖకుడు ఒకటి వదిలిపెట్టినా, తారుమారు చేసినా పట్టుకునే ఉపాయం లేదు. పద్యంలో ఒక మాట జారితే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, చదువరి చెవికి వెంటనే తెలుస్తుంది. తప్పులన్నీ పట్టుబడతాయని అనను గాని చాలా వరకు పట్టుబడతాయి. ఇన్ని తరాల తరువాత కూడా ఇరవై అంకెలూ చెక్కుచెదరకుండా మన చేతికి అందడానికి ఛందస్సు కాపలా కాసింది.

ఈ అంకెలలో ఒక విచిత్రాన్ని గమనించండి. సున్న రెండుసార్లు, ఒకటి మూడుసార్లు, నాలుగు నాలుగుసార్లు వచ్చాయి. మిగిలినవీ ఏదో ఒక చోట ఉన్నాయి. రెండు మాత్రం ఒక్కసారి కూడా లేదు. పుట్టుక అంతా రెండుతోనే అయిన సంఖ్యలో రెండే కనబడదు.

ఆరు గుణకారాలు చాలు

ఇంత పెద్ద మొత్తాన్ని ఎలా రాబట్టాలి? అరవై నాలుగు గళ్ళను కూడనవసరం లేదు. ఒకటి, రెండు కలిస్తే మూడు. తరువాతి గడి నాలుగు. ఒకటి, రెండు, నాలుగు కలిస్తే ఏడు. తరువాతి గడి ఎనిమిది. ఎంతవరకు కూడినా మొత్తం తరువాతి గడి కంటే ఒక్క గింజ తక్కువ. కాబట్టి అరవై అయిదవ గడి ఉంటే అందులో ఎన్ని గింజలు ఉండేవో కనుక్కొని, ఒకటి తీసివేస్తే చాలు. అంటే రెండు యొక్క 64వ ఘాతంలో ఒకటి తక్కువ. గుణశ్రేఢి మొత్తానికి మహావీరుడు చెప్పిన సూత్రమూ ఈ పనిని సులువుగా చేస్తుంది.

అరవై నాలుగుసార్లు రెట్టింపు చేయవలసిన పని కూడా లేదు. రెండు యొక్క వర్గం 4. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65536. దాని వర్గం 4294967296. దాని వర్గం 18446744073709551616. ఆరు గుణకారాలతో గమ్యం చేరాము. ఘాతాంకాన్ని సగం చేయడం, వర్గం చేయడం అనే ఈ మార్గాన్ని పింగళుడు ఛందశ్శాస్త్రంలో సూచించాడు.

ఛందస్సుకు, ఈ సంఖ్యకు ఇంత చుట్టరికం ఎందుకు? ప్రతి అక్షరం గురువో లఘువో కావాలి, మూడవ మార్గం లేదు. ఒక అక్షరానికి రెండు రీతులు, రెండు అక్షరాలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఆ ఎనిమిదే మన గణాలు. చంపకమాల పాదంలో 21 అక్షరాలు. కాబట్టి అటువంటి పాదాలు 2097152 రకాలుగా ఉండవచ్చు. వాటిలో చంపకమాలది 711600వ స్థానం అని లక్షణ గ్రంథాలు చెబుతాయి. ఇరవై అక్షరాల ఉత్పలమాలది 355799వ స్థానం. ఈ సంఖ్యలు ఎక్కడి నుండి వచ్చాయో చాలామందికి తెలియదు. గురువుకు సున్న, లఘువుకు ఒకటి వేసి, మొదటి అక్షరానికి 1, రెండవదానికి 2, మూడవదానికి 4 చొప్పున విలువలు ఇచ్చి, లఘువులున్న చోట్ల విలువలను కూడి, ఒకటి కలిపితే ఆ స్థానం వస్తుంది. కాగితం, పెన్సిలు తీసుకొని సరిచూసుకోవచ్చు. కంప్యూటరు అంకెలను దాచుకొనే పద్ధతీ ఇదే. మీటకు రెండే స్థితులు, సున్న లేదా ఒకటి. లఘుగురువులు నేర్చిన పిల్లవాడికి కంప్యూటరు అక్షరాభ్యాసం సగం అయినట్లే.

ఎంత పెద్దది?

పెద్ద సంఖ్య అనడం సులువు. పెద్దతనాన్ని ఊహించడం కష్టం. మనకు తెలిసిన వాటితో కొలిచి చూద్దాము.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ సీమలో బియ్యపు గింజ తెలియనివారు లేరు. గ్రాముకు సుమారు నలభై గింజలు తూగుతాయనుకుందాము. అప్పుడు పండితుడికి ఇవ్వవలసిన బియ్యం దాదాపు 46,000 కోట్ల టన్నులు. ఈనాడు ప్రపంచమంతా కలిసి ఏటా పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే లోకమంతా తొమ్మిది వందల ఏళ్ళపాటు ఒక్క మెతుకు తినకుండా పండించి ఇవ్వాలి.

మన యరమరస్ తాపవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 1,600 మెగావాట్లు. రాత్రింబవళ్ళు ఒక్క క్షణం ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిచినా ఏడాదికి సుమారు 1,400 కోట్ల యూనిట్లు వస్తాయి. మన సంఖ్య అన్ని యూనిట్లు ఇవ్వాలంటే ఆ కేంద్రం 131 కోట్ల సంవత్సరాలకు పైగా పనిచేయాలి.

1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ ఒక ఆట బొమ్మను ప్రకటించాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్ళలు. పెద్ద బిళ్ళను చిన్నదాని మీద పెట్టకుండా, ఒక్కొక్కటిగా జరుపుతూ మొత్తం దొంతిని మరొక కడ్డీకి చేర్చాలి. దానికి జోడించిన కల్పితకథలో, కాశీ దేవాలయంలో 64 బంగారు బిళ్ళలను పూజారులు జరుపుతున్నారని, అది ముగిసిననాడు లోకం ముగుస్తుందని ఉన్నది. అవసరమయ్యే కదలికలు సరిగ్గా మన సంఖ్యే. క్షణానికి ఒక బిళ్ళ జరిపినా 58,000 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. శాస్త్రవేత్తల అంచనాలో విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలే. కాబట్టి పిల్లలు ప్రళయానికి భయపడి పరీక్షలు మానుకోనక్కరలేదు.

సంఖ్య లోపల ఏమున్నది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గణితంలో సంఖ్య ఎంత పెద్దదన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అది వేటితో నిర్మితమైనదన్నది ముఖ్యమైన ప్రశ్న.

ముందుగా ఎవరైనా చేయగల పరీక్షలు. చివరి అంకె 5 కాబట్టి సంఖ్య 5తో భాగింపబడుతుంది. అంకెలన్నీ కూడితే 87. అది 3తో పోతుంది, 9తో పోదు. కాబట్టి మన సంఖ్యా అంతే. ఏడుగురికి గింజలు సమంగా పంచితే ఎన్ని మిగులుతాయి? రెండు ఘాతాలను 7తో భాగిస్తే శేషాలు 2, 4, 1, మళ్ళీ 2, 4, 1 అని తిరుగుతూ ఉంటాయి. 64ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక 64వ ఘాతానికి శేషం 2. ఒకటి తీసివేస్తే 1. ఇరవై అంకెలను భాగించకుండానే ఒక్క గింజ మిగులుతుందని చెప్పగలిగాము.

తరువాతది ఎనిమిదవ తరగతి పాఠం. ఒక వర్గంలో నుండి ఒకటి తీసివేస్తే, మిగిలినది ఆ మూలం కంటే ఒకటి తక్కువైన సంఖ్యకు, ఒకటి ఎక్కువైన సంఖ్యకు లబ్ధం. వందలో ఒకటి తీస్తే 99, అది 9, 11ల లబ్ధం. మన సంఖ్య 4294967296 యొక్క వర్గంలో ఒకటి తక్కువ. కనుక అది 4294967295, 4294967297ల లబ్ధం. వీటిలో మొదటిది మళ్ళీ 65535, 65537ల లబ్ధం. 65535 అంటే 255, 257ల లబ్ధం. 255 అంటే 15, 17ల లబ్ధం. 15 అంటే 3, 5ల లబ్ధం. ఒకే సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ వాడి ఇరవై అంకెల కొండను ఆరు ముక్కలు చేశాము: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ఆరింటికీ ఒక చరిత్ర ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా ఈ వరుసను పరిశీలించాడు. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ భాగింపబడవు. వరుసలోని సంఖ్యలన్నీ అటువంటివే అయి ఉంటాయని ఆయన ఊహించాడు. సుమారు తొంభై సంవత్సరాలపాటు ఆరవదాని సంగతి తేలలేదు. 1732లో ఆయిలర్ తేల్చాడు. 4294967297 ప్రధాన సంఖ్య కాదు. 641ని 6700417తో గుణిస్తే అది వస్తుంది.

ఆయిలర్ గ్రుడ్డిగా వెదకలేదు. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిని 64తో భాగించినప్పుడు తప్పక 1 మిగలాలని ఆయన నిరూపించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నంలో తలుపు తెరుచుకున్నది. వందలకొద్దీ భాగహారాలను ఒక ఆలోచన అయిదుకు తగ్గించింది.

641 భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూపవచ్చు. పై తరగతుల విద్యార్థులు శ్రద్ధగా వినండి. 640 అంటే 5ను రెండు యొక్క ఏడవ ఘాతంతో గుణించినది. అది 641కి ఒకటి తక్కువ, అంటే దాని శేషాన్ని −1 అనుకోవచ్చు. −1ని నాలుగుసార్లు గుణిస్తే 1. కనుక 5 యొక్క నాలుగవ ఘాతాన్ని 2 యొక్క 28వ ఘాతంతో గుణించి 641తో భాగిస్తే 1 మిగులుతుంది. కాని 5 యొక్క నాలుగవ ఘాతం 625. అది 641కి 16 తక్కువ. కనుక 625 బదులు −16 వేయవచ్చు. 16 అంటే 2 యొక్క నాలుగవ ఘాతం. దానిని 28వ ఘాతంతో కలిపితే 32వ ఘాతం. అంటే 2 యొక్క 32వ ఘాతానికి ముందు ఋణ గుర్తు పెడితే శేషం 1. కాబట్టి ఆ ఘాతానికి ఒకటి కలిపితే శేషం సున్న. 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

ఇప్పుడు పూసలన్నీ బల్ల మీద ఉన్నాయి. 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడూ ప్రధాన సంఖ్యలే. ఏ ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఏడింటిలో ప్రతిదానినీ తీసుకోవచ్చు, వదలివేయవచ్చు. అందుచేత మన సంఖ్యకు భాజకాలు రెండు యొక్క ఏడవ ఘాతం, అంటే 128. లోపల కూడా గురులఘువుల లెక్కే.

మరొక విశేషం చెప్పి ఈ భాగం ముగిస్తాను. 1796లో గౌస్ అనే జర్మను యువకుడు, వృత్తలేఖిని, గుర్తులు లేని స్కేలు మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చునని కనిపెట్టాడు. అటువంటి నిర్మాణాలకు ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్యలే తాళపు చెవులు. ఇంతవరకు తెలిసినవి అవే అయిదు: 3, 5, 17, 257, 65537. ఆ అయిదూ మన చదరంగం సంఖ్యలో ఉన్నాయి. ఆరవది ఎక్కడైనా ఉన్నదా, లేదా అన్నది నేటికీ తేలని ప్రశ్న. ఈ సభలోని ఏ చిరంజీవి చేతిలోనో దానికి సమాధానం ఉండవచ్చు.

ఈ సంఖ్యతో మనకేమి పని?

'ఇదంతా బాగుంది, దీనితో మా పిల్లవాడికి కూడు వస్తుందా?' అని అడగడం తల్లిదండ్రుల హక్కు. రెండు సమాధానాలు చెబుతాను.

మొదటిది కంప్యూటరు. మీ జేబులోని ఫోను చాలావరకు సంఖ్యలను 64 ద్విస్థానాల పెట్టెలలో దాచుకుంటుంది. అటువంటి పెట్టెలో ధన సంఖ్యలు మాత్రమే దాచితే పట్టే అతిపెద్ద సంఖ్య మన పద్యంలోని సంఖ్యే. కాలాన్ని 1970 జనవరి 1 నుండి క్షణాలుగా లెక్కించి 32 స్థానాలలో దాచుకునే పాత వ్యవస్థలు 2038 జనవరి 19న నిండిపోతాయి. వాటిని సరిదిద్దే పని సాగుతున్నది. 64 స్థానాలు ఇచ్చినట్లయితే 29,000 కోట్ల సంవత్సరాలకు పైగా చింత లేదు. పెట్టె రెండింతలయితే శక్తి రెండింతలు మాత్రమే కాలేదు. అదే రెట్టింపుల మహిమ.

రెండవది వడ్డీ. ఇది ప్రతి రైతు ఇంటి విషయం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినబడుతుంది. ఏడాదికి నూటికి ముప్పై ఆరు. కట్టలేకపోతే ఏడాది చివర అసలులో కలుపుతారు. పత్తి విత్తనాలకు, మందులకు తెచ్చిన పదివేలు మూడేళ్ళకు ఇరవై అయిదు వేల నూట యాభై దాటుతుంది. పదేళ్ళకు రెండు లక్షల పదహారు వేలు. చదరంగం గడి మీద గింజ పెట్టినప్పుడు రాజు నవ్వినట్లే, నోటు మీద సంతకం పెట్టేటప్పుడు మూడు రూపాయలే కదా అని మనమూ నవ్వుతాము. మొదటి గళ్ళు ఎప్పుడూ నిరపాయంగానే కనిపిస్తాయి. తేడా ఏమిటంటే, కథలోని రాజుకు కొఠారు ఉన్నది, మన రైతుకు ఉన్నది రెండెకరాలు. ఇంటిలో ఒక్క బిడ్డకు చక్రవడ్డీ లెక్క వేయడం వస్తే, సంతకానికి ముందు ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయించండి. అది చాలు, ఈ పాఠశాల పెట్టిన ఖర్చు ఆ ఒక్క ఇంటిలోనే తీరిపోతుంది. మహావీరుడు తన గ్రంథంలో వడ్డీ లెక్కలకు అంత చోటు ఇవ్వడం ఊరికే కాదు.

భాష గురించి ఒక మాట

చివరగా, ఈ పాఠశాలకు ప్రాణమైన విషయం. డెబ్భై అయిదేళ్ళ నాడు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రం కర్ణాటకమయింది. సరిహద్దులు మారాయి, ఇంటిలోని మాట మారలేదు. మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో దక్కనీ, పుస్తకంలో ఆంగ్లం, ఇన్నింటి నడుమ పెరుగుతున్నారు. ఇది బరువా, బలమా అన్నది మన పెంపకం మీద ఆధారపడి ఉన్నది.

తెలుగులో చదివితే లెక్కలు రావన్న భయం చాలా ఇళ్ళలో ఉన్నది. ఆ భయంతోనే పిల్లలను అర్థం కాని భాషలో కంఠస్థం చేయిస్తున్నాము. ఈ రోజు మనం మహాశంఖం నుండి ఫెర్మా సంఖ్యల దాకా, 641 నిరూపణ దాకా తెలుగులోనే నడిచి వచ్చాము. భాష మనకు ఎక్కడా అడ్డుపడలేదు. ఆంగ్లం నేర్వవద్దని నేను అనడం లేదు. తప్పక నేర్వాలి, కన్నడం మరింత బాగా నేర్వాలి. అర్థం చేసుకోవడం మాత్రం అమ్మ మాటలో మొదలు కావాలి. మాన్యఖేటపు సంస్కృత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేసినప్పుడు, తెలుగు పిల్లలకు ఇది అర్థమవుతుందా అని సంకోచించి ఉంటే, ఈ పద్యం మనకు దక్కేది కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఏడాదికి ఒక్కరోజు సిలబసును పక్కన పెట్టి, ఒక్క సంఖ్యను తీసుకొని దాని పూసలు విడదీసి చూపండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి. గ్రంథాలయానికి బీరువాలు ఇచ్చారు, సంతోషం. వాటిలో తెలుగు గణిత పుస్తకాలు కూడా పెట్టించండి. విద్యార్థులకు ఆదేశం లేదు, ఆహ్వానమే. 18446744073709551615 భాజకాలు 128 అని చెప్పాను. అవన్నీ వ్రాసి, రెండేసి చొప్పున జతపరచి, ప్రతి జత లబ్ధమూ మన సంఖ్యే అని చూపిన విద్యార్థికి నా తరఫున ఒక పుస్తకం బహుమతి.

ఒక గింజ రెండై, రెండు నాలుగై పెరిగినట్లు, ఇక్కడ ఒక ఉపాధ్యాయుడు ఇద్దరికి నేర్పితే, ఆ ఇద్దరు నలుగురికి నేర్పితే, ఈ విద్యా సంపద ఎంత దూరం పోతుందో లెక్క మీకు ఇప్పుడు తెలుసు. ఈ పాఠశాల శతజయంతిని కూడా ఇంతకంటె నిండుగా జరుపుకోవాలని మనసారా కోరుకుంటున్నాను.